సిగ్నల్ అందని ఊర్లో స్మార్ట్ మీటర్



హైదరాబాద్ నుంచి వరంగల్ పోయే 163వ నంబరు జాతీయ రహదారి మీద జనగామ దాటితే రఘునాథపల్లి వస్తుంది. పక్కనే రైలుమార్గం, రోడ్డు మీద మండల ఆఫీసులు, హోటళ్లు, వచ్చిపోయే బస్సులు. అక్కడ నిలబడి ఫోన్ తీస్తే సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి. రోడ్డు దిగి లోపలికి పోవడం మొదలుపెడితే లెక్క మారుతుంది. గుట్ట చాటుకు పోతే రెండు గీతలు, చెరువు కట్ట దిగితే ఒకటి, బాయికాడ ఇల్లు కట్టుకున్నవాళ్ల వాకిట్లో ఒకోసారి అదీ ఉండదు. మాట్లాడాలంటే డాబా ఎక్కాలి, లేదంటే ఫలానా వేపచెట్టు కిందికి పోవాలి. ఏ ఊర్లో ఏ చోట ఫోన్ పలుకుతుందో ఆ ఊరివాళ్లందరికీ తెలుసు.

ఇప్పుడు దేశమంతా ఇండ్లకు స్మార్ట్ మీటర్లు పెడుతున్నారు. కొన్ని రాష్ట్రాల్లో లక్షల్లో పెట్టారు, కొన్నిచోట్ల వద్దని జనం రోడ్డెక్కారు. ఇది తన రీడింగ్ తానే పంపుకునే మీటరు. మనిషి డాబా ఎక్కితే తప్ప ఫోన్ పలకని ఊర్లో, గోడకు బిగించిన మీటరు ఎట్లా పలుకుతుంది? డబ్బా ఎక్కడికీ కదలదు కదా. ఈ ప్రశ్నకు జవాబు దొరికే దాకా ఇట్లాంటి ఊర్లలో స్మార్ట్ మీటర్ మంచిదా చెడ్డదా అని వాదించుకోవడం దండగ. అందుకే ఇవాళ దీని గురించే మాట్లాడుకుందాం.

ముందుగా మీటరు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. స్మార్ట్ మీటర్ మూడు పనులు చేస్తుంది. మొదటిది కొలవడం. మన ఇంట్లోకి వచ్చే వోల్టేజీ ఎంత, పారే కరెంటు ఎంత అని ఎప్పటికప్పుడు చూసి యూనిట్లుగా కూడుతుంది. ఇప్పుడు మన గోడల మీదున్న ఎలక్ట్రానిక్ మీటరు చేసేది కూడా ఇదే పని. రెండోది తెంపడం, కలపడం. లోపల ఒక రిలే ఉంటుంది. ఆఫీసు నుంచి ఆదేశం వస్తే సరఫరాను ఆపుతుంది, మళ్లీ ఆదేశం వస్తే కలుపుతుంది. లైన్‌మన్ స్తంభం ఎక్కే పని ఉండదు. మూడోది కబురు పంపడం. తన లెక్కను విద్యుత్ సంస్థ కంప్యూటర్‌కు చేరవేస్తుంది, అక్కడి నుంచి వచ్చే మాట వింటుంది.

ఈ మూడింటిలో సిగ్నల్‌తో పని లేనిది కొలవడం ఒక్కటే. సిగ్నల్ పోతే మీటరు ఎక్కువ తిరుగుతుందని కొందరు భయపడుతుంటారు. అట్లా జరగదు. సిగ్నల్ ఉన్నా లేకున్నా కాలిన యూనిట్ కాలినట్టే నమోదవుతుంది. అరగంటకోసారి రాసుకున్న లెక్కను మీటరు నెలకు పైబడి తన జ్ఞాపకంలో దాచుకుంటుంది. వారం రోజులు సిగ్నల్ లేక, ఎనిమిదో రోజు వచ్చిందనుకోండి, ఆ వారం లెక్క అప్పుడు పోయి చేరుతుంది. పైగా మీటరు పంపే కబురు చాలా చిన్నది. మనం ఫోన్‌లో పంపుకునే ఒక్క ఫొటోలో నూరో వంతు కూడా ఉండదు. దానికి వేగం అక్కరలేదు, రోజులో కొద్దిసేపు దారి దొరికితే చాలు.

కాబట్టి సిగ్నల్ అంతంతమాత్రంగా ఉన్న ఊర్లో రీడింగ్ అనే పని నడుస్తుంది. చిక్కు వచ్చేది రెండో పని కాడ, అంటే తెంపడం, కలపడం కాడ. రీడింగ్ ఒకరోజు ఆలస్యమైతే ఎవరికీ నష్టం లేదు. ముందే డబ్బు కట్టి వాడుకునే ప్రీపెయిడ్ పద్ధతిలో, రీచార్జి చేసినంక సరఫరా కలిపే ఆదేశం ఒకరోజు ఆలస్యమైతే ఆ ఇల్లు ఒకరోజు చీకట్లో ఉంటుంది. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి. నా ప్రసంగమంతా దీని మీదనే నిలబడుతుంది.

ఇప్పుడు మన దగ్గర బిల్లు ఎట్లా వస్తుంది? నెలకోసారి బిల్లు కొట్టే మనిషి చేతి మిషన్ పట్టుకొని ఇంటింటికీ తిరుగుతాడు. మీటరు ముందు మిషన్ పెడితే రీడింగ్ అందులోకి వస్తుంది, అక్కడికక్కడే కాగితం వస్తుంది. ఈ పద్ధతిలో సిగ్నల్ సమస్య లేదు కానీ తేదీ సమస్య ఉంది. 2024 మార్చి నుంచి గృహజ్యోతి పథకంలో అర్హులైన ఇండ్లకు నెలకు 200 యూనిట్ల దాకా బిల్లు సున్నా వస్తున్నది. ఆ 200 గీత దాటితే మొత్తం బిల్లు కట్టాల్సిందే. ఎండాకాలం కూలర్ తిరిగే ఇంట్లో వాడకం ఆ గీత చుట్టే ఉంటుంది. బిల్లు కొట్టే మనిషి నాలుగు రోజులు ఆలస్యంగా వస్తే వాకిట్లో వాదన మొదలవుతుంది. వాడకాన్ని బట్టి రేటు మారే స్లాబులున్న ప్రతిచోటా ఇదే గొడవ. ప్రతి నెలా ఒకే తేదీన, అర్ధరాత్రి పన్నెండు గంటలకు తన రీడింగ్ తానే గీత గీసి పెట్టుకునే మీటరు ఉంటే ఈ వాదన తీరిపోతుంది. స్మార్ట్ మీటర్ వల్ల మామూలు ఇంటికి వచ్చే అసలైన లాభం ఇదీ. దీనికి సిగ్నల్ అదే క్షణంలో ఉండాల్సిన అవసరం కూడా లేదు. గీత గీసేది మీటరే, కబురు తర్వాత చేరినా లెక్క మారదు.

సిగ్నల్ మీద ఆధారపడిన యంత్రం అంటే మన రైతులకు కొత్త కాదు. బోరు కాడ మొబైల్ స్టార్టర్ పెట్టుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. స్టార్టర్ పక్కన చిన్న డబ్బా, అందులో ఒక సిమ్ కార్డు. ఇంట్ల నుంచి ఫోన్ కొడితే మోటరు నడుస్తుంది, మళ్లీ కొడితే ఆగుతుంది. దాన్ని వాడినవాళ్లకు నేను కొత్తగా చెప్పేది ఏమీ లేదు. ఏ కంపెనీ సిమ్ అయినా వేస్తే పని చేస్తుందా? చేయదు. ఆ బాయికాడ ఏ టవర్ సిగ్నల్ అందుతుందో ఆ కంపెనీ సిమ్మే వేయాలి. ఇనుప డబ్బాలో పెట్టి తలుపు మూస్తే పని చేస్తుందా? చేయదు. యాంటెనా వైరును బయటికి తీసి, ఎత్తున కట్టాలి. ఇంకా కొన్ని చోట్ల ఏం చేసినా పని చేయదు. అప్పుడు రైతు ఎవరినీ తిట్టుకోడు, నడుచుకుంటూ పోయి మీట నొక్కి వస్తాడు.

ఇక్కడే స్టార్టర్‌కూ మీటరుకూ తేడా వస్తుంది. స్టార్టర్‌లో సిమ్ మార్చుకునే అధికారం రైతుకుంది. మీటరు సీలు వేసి ఉంటుంది. అందులో ఏ సిమ్ ఉందో కూడా మనకు తెలియదు. స్టార్టర్ పలకకపోతే నడుచుకుంటూ పోయి మోటరు వేయొచ్చు. మీటరులోని రిలే తెంపిన సరఫరాను మనం కలుపుకోలేం, కలిపితే నేరం. అధికారం ఎవరి చేతుల్లో ఉందో బాధ్యత కూడా వాళ్ల మీదనే ఉండాలి. ఏ సిమ్ వేయాలో, యాంటెనా ఎక్కడ పెట్టాలో చూసుకోవలసింది మీటరు పెట్టే సంస్థ. సిగ్నల్ లేనందుకు ఇంటాయన ఇబ్బంది పడితే అది న్యాయం కాదు.

మరి సిగ్నల్ లేనిచోట మీటరు కబురు పంపడానికి వేరే దారులు ఉన్నాయా? ఉన్నాయి. ముఖ్యంగా మూడు దారులు.

మొదటిది సెల్‌ఫోన్ టవర్ దారి. ప్రతి మీటరులో ఒక సిమ్ ఉంటుంది, నేరుగా టవర్‌తో మాట్లాడుతుంది. టవర్ అందే ఊర్లో ఇది అన్నిటికన్నా సులువు. అయితే తరంగాల స్వభావం తెలుసుకోవాలి. మీరు ఎఫ్.ఎం.లో నా మాట వింటున్నారనుకోండి, ఆ తరంగం పొడుగు దాదాపు 3 మీటర్లు. 4జీ ఎక్కువగా నడిచే 1800, 2300 మెగాహెర్ట్జ్ తరంగాల పొడుగు జానెడు కూడా ఉండదు. తరంగం పొట్టిదయ్యే కొద్దీ గోడలు దాటే శక్తి, గుట్ట అంచున వంగి ఇవతలికి వచ్చే గుణం తగ్గుతాయి. మన పాత ఇండ్ల మట్టిగోడలు మూరెడు మందం ఉంటాయి, కొత్త ఇండ్లలో ఇనుపచువ్వల స్లాబు ఉంటుంది. వరండా మూలన, మెట్ల కింద మీటరు పెట్టి, దానికి ఇనుప పెట్టె బిగిస్తే, వీధిలో సిగ్నల్ ఉండి కూడా పెట్టె లోపలికి రాదు. ఇట్లాంటి చోట్ల సమస్య ఊరిది కాదు, బిగించిన తీరుది. పెట్టె మార్చినా, యాంటెనా బయటికి తీసినా చాలావరకు తీరుతుంది.

రెండోది మీటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక చిన్న పట్టీని లైసెన్సు లేకుండా వాడుకునేందుకు ప్రభుత్వం వదిలిపెట్టింది. ఆ తరంగాల మీద ఒక ఇంటి మీటరు పక్కింటి మీటరుకు కబురిస్తుంది, అది ఆ పక్కదానికి ఇస్తుంది, చివరికి వీధిలో ఒకచోట స్తంభం మీద ఉండే పెట్టెకు చేరుతుంది. సిమ్ కార్డు ఆ ఒక్క పెట్టెకు ఉంటే చాలు. సిగ్నల్ బాగా అందేచోట, ఎత్తున ఆ పెట్టెను పెడితే ఊరంతా దాని ద్వారా మాట్లాడుతుంది. ఇండ్లు దగ్గరదగ్గరగా ఉన్న ఊరి నడిబొడ్డుకు ఇది బాగా సరిపోతుంది. ఊరవతల బాయికాడి ఇల్లు, దూరంగా విసిరేసినట్టుండే తండా కాడికి వచ్చేసరికి గొలుసు తెగుతుంది. మధ్యలో స్తంభం మీద ఇంకో పెట్టె కట్టాల్సి వస్తుంది, దానికి ఖర్చు అవుతుంది. ఆ ఖర్చు పెట్టకుండా వదిలేసిన ఇల్లే రేపు ఫిర్యాదు పెట్టే ఇల్లు.

మూడోది కరెంటు తీగ దారి. ఇంటికి వచ్చే తీగ మీదనే కబురును ఎక్కించి ట్రాన్స్‌ఫార్మర్ దాకా పంపడం. ఇటలీలో ఎనెల్ సంస్థ 2001లో మొదలుపెట్టి ఐదారేండ్లలోనే దాదాపు 3 కోట్ల మీటర్లను ఈ పద్ధతిలో పెట్టింది. అక్కడ మీటరు ట్రాన్స్‌ఫార్మర్ దాకా తీగ మీద మాట్లాడుతుంది, అక్కడి నుంచి కబురు ఫోన్ నెట్‌వర్క్ మీద పోతుంది. మన పల్లెల్లో ఈ దారికి కొన్ని ఆటంకాలున్నాయి. లైన్లు పొడుగు, అతుకులు ఎక్కువ, అదే ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటర్లు నడిస్తే తీగలో గోల ఎక్కువ. ఆ గోలలో చిన్న కబురు వినబడకుండా పోతుంది.

బ్రిటన్ సంగతి ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. ఆ దేశంలో దక్షిణ, మధ్య ప్రాంతాల స్మార్ట్ మీటర్లు సెల్‌ఫోన్ నెట్‌వర్క్ మీద మాట్లాడితే, కొండలు ఎక్కువగా ఉన్న స్కాట్లాండ్‌కు, ఉత్తర ఇంగ్లండ్‌కు వేరే రేడియో నెట్‌వర్క్ కట్టారు. దూరం పోయే తక్కువ పౌనఃపున్యం అక్కడ వాడారు. భూమి తీరును బట్టి దారిని ఎంచుకున్నారన్నమాట. రేడియో శ్రోతలు మెచ్చే సంగతి మరొకటి ఉంది. 1980ల నుంచి అక్కడ లక్షల ఇండ్ల మీటర్లకు ఆదేశాలు పంపింది బీబీసీ రేడియోనే. 198 కిలోహెర్ట్జ్ లాంగ్‌వేవ్ మీద వార్తలు, కబుర్లు వస్తుంటే, ఆ తరంగంలోనే చెవికి వినబడని సంకేతం ఒకటి కలిసి పోయేది. రాత్రి చవక రేటు మొదలైంది, నీళ్లు వేడిచేసే హీటర్ వేసుకో అని అది ఇంటి మీటరుకు చెప్పేది. ఆ తరంగం పొడుగు కిలోమీటరున్నర. దానికి కొండ అడ్డం కాదు. ఆ పరికరాలు పాతబడి, 2025 జూన్ 30 నుంచి విడతలుగా దాన్ని ఆపడం మొదలుపెట్టారు. అయితే అది ఒకవైపు దారి. మీటరు వింటుంది, తిరిగి చెప్పలేదు.

దక్షిణాఫ్రికా మరో దారి చూపింది. అక్కడ 1990లలో ప్రీపెయిడ్ మీటర్లు మొదలుపెట్టినప్పుడు పల్లెల్లో ఫోన్ సిగ్నల్ అన్న మాటే లేదు. డబ్బు కట్టినవాళ్లకు 20 అంకెల నంబరు ఇస్తారు. ఇంటికి వచ్చి మీటరు మీది మీటలతో ఆ నంబరు కొడితే యూనిట్లు జమ అవుతాయి. మీటరుకు సిగ్నల్ అక్కరలేదు, నంబరు మనిషి మోసుకొస్తాడు. చాలా దేశాలు ఈ పద్ధతిని తీసుకున్నాయి. దానికీ ఒక పరీక్ష వచ్చింది. మీటర్లలోని కాలం లెక్క 2024 నవంబరు 24తో అయిపోతుందని, ఆలోపు ప్రతి మీటరులో కొత్త నంబర్లు కొట్టాలని తేలింది. సిగ్నల్ లేని మీటరు కాబట్టి ఆ పని మనుషులే ఇంటింటా చేయాల్సి వచ్చింది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. హనుమకొండ నక్కలగుట్టలో ప్రధాన కార్యాలయం ఉన్న ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ, మనం ఎన్‌పీడీసీఎల్ అనుకునే సంస్థ, పరిధిలో అన్ని రకాల నేల ఉంది. రఘునాథపల్లిలా హైవే మీది మండలాలున్నాయి. మహబూబాబాద్ జిల్లాలో కొత్తగూడ, గంగారం లాంటి అడవి మండలాలున్నాయి. భూపాలపల్లి జిల్లాలో మహాముత్తారం, గోదావరి ఒడ్డున పలిమెల ఉన్నాయి. భూపాలపల్లి దగ్గరి చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం ఉంది. అదే జిల్లాలో అడవి దిక్కు పోతే ఫోన్ సిగ్నల్ కోసం వెతుక్కోవాలి. ఇదే 163వ నంబరు రోడ్డు పట్టుకొని ములుగు దాటి తాడ్వాయి పోతే మేడారం జాతర వస్తుంది. జాతర నాటికి కంపెనీలు తాత్కాలిక టవర్లు తెచ్చి పెడతాయి, జనం పోగానే అవీ పోతాయి. మీటరుకు మాత్రం ఏడాదంతా, ప్రతిరోజూ సిగ్నల్ కావాలి.

హైదరాబాద్ జీడిమెట్ల పారిశ్రామికవాడలో దాదాపు 12 వేల కనెక్షన్లతో కేంద్రం మంజూరు చేసిన స్మార్ట్ గ్రిడ్ ప్రయోగం చాలాకాలం కిందనే జరిగింది. అది పట్నం. జీడిమెట్లలో నడిచిందని గంగారంలో నడుస్తుందనుకోవడం పొరపాటు. అడవి మండలాలకు టవర్లు రాకపోలేదు. సిగ్నల్ లేని 24,680 ఊర్లకు 4జీ ఇవ్వాలని 2022 జూలైలో కేంద్ర మంత్రివర్గం 26,316 కోట్ల పథకాన్ని ఆమోదించింది. టవర్ రావడం ఒక మెట్టు. ఆ టవర్‌కు నిలకడగా కరెంటు ఉండడం రెండో మెట్టు.

ఈ రెండో మెట్టును చాలామంది తలుచుకోరు. ఏప్రిల్, మే నెలల్లో గాలిదుమారం వచ్చి చెట్టు కూలి లైను తెగుతుంది. ఊరికి కరెంటు పోతుంది. కరెంటు పోయిందని మీటరే ఆఫీసుకు చెబుతుంది, మనం ఫోన్ చేసే పని లేదు అని స్మార్ట్ మీటర్ గురించి చెబుతారు. కానీ ఆ కబురు మోయాల్సిన టవర్ కూడా అదే కరెంటు మీద నడుస్తుంది. బ్యాటరీ అయిపోయినంక టవర్ పడుకుంటుంది. కబురు ఎంతో అవసరమైన గంటలోనే దారి మూసుకుంటుంది. కాబట్టి స్మార్ట్ మీటర్ వచ్చినా లైన్‌మన్ ఉండాలి, 1912 నంబరు ఎత్తే మనిషి ఉండాలి.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూద్దాం. 2021 జూలైలో కేంద్రం 3 లక్షల కోట్ల పైచిలుకు అంచనాతో పంపిణీ సంస్కరణల పథకం తెచ్చింది. 25 కోట్ల స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. మామూలు రాష్ట్రాలకు మీటరు ధరలో 15 శాతం, గరిష్ఠంగా 900 రూపాయలు కేంద్రం ఇస్తుంది. మిగతా సొమ్మును మీటర్లు పెట్టిన కంపెనీకి విద్యుత్ సంస్థ నెలనెలా మీటరు లెక్కన 93 నెలల పాటు చెల్లిస్తుంది. ఆ భారం చివరికి ఎవరి బిల్లులో తేలుతుందోనన్న అనుమానమే చాలాచోట్ల నిరసనకు కారణం. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో ఇండ్లకు స్మార్ట్ మీటర్లు వద్దంటూ ఆందోళనలు జరిగాయి. తెలంగాణ తొలి ఏండ్లలో ఆ పథకంలో చేరలేదు. వ్యవసాయ మోటర్లకు మీటర్లు పెట్టే మాటే వద్దని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం గట్టిగా నిలబడింది.

2021 ఆగస్టు 17న కేంద్ర విద్యుత్ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్‌లో ఒక మాట మనకు చాలా ముఖ్యం. వ్యవసాయ కనెక్షన్లు కాక మిగతావాళ్లకు, కమ్యూనికేషన్ నెట్‌వర్క్ ఉన్న ప్రాంతాల్లో మాత్రమే, ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని అందులో ఉంది. నెట్‌వర్క్ లేని ప్రాంతాల్లో మామూలు ప్రీపేమెంట్ మీటర్లను రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి అనుమతించవచ్చు. అంటే సిగ్నల్ లేని ఊరు ఉంటుందని చట్టం ఒప్పుకుంది. ఒప్పుకోని సంగతి ఒకటుంది. సగం సిగ్నల్ ఊరు. హైవే మీద నాలుగు గీతలు, బాయికాడ సున్నా ఉండే రఘునాథపల్లి లాంటి మండలం నెట్‌వర్క్ ఉన్న ప్రాంతమా, లేని ప్రాంతమా? కాగితం మీద ఉన్న ప్రాంతమే అవుతుంది. అన్యాయం జరిగేది ఇట్లాంటి చోటనే. పూర్తిగా సిగ్నల్ లేని అడవి ఊరికి మినహాయింపు దొరుకుతుంది, ఒంటి గీత ఇంటికి దొరకదు. అందుకే సిగ్నల్‌ను మండలం లెక్కన, ఊరి లెక్కన చూస్తే సరిపోదు. మీటరు బిగించే గోడ కాడ చూడాలి.

వినియోగదారుల హక్కుల నియమాలు 2020 డిసెంబరులో వచ్చాయి. వాటిలో మనకు అక్కరకొచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. రీడింగ్ అందలేదని అంచనా బిల్లులు ఇస్తే, ఒక ఆర్థిక సంవత్సరంలో మామూలుగా రెండుకు మించి ఇవ్వకూడదు. రెండు బిల్లుల కాలం దాటి అట్లాగే ఇస్తుంటే, అసలు రీడింగ్‌తో బిల్లు ఇచ్చే దాకా కట్టనని చెప్పే హక్కు మనకుంది. 2023 సవరణ ప్రకారం స్మార్ట్ మీటరును రోజుకు కనీసం ఒకసారి దూరం నుంచి చదవాలి, ఆ లెక్క వినియోగదారుడికి కనిపించేలా ఉంచాలి. 2024 సవరణ ప్రకారం రీడింగ్ మీద ఫిర్యాదు చేస్తే ఐదు రోజుల్లో పక్కన మరో మీటరు పెట్టి, కనీసం మూడు నెలలు రెండింటినీ పోల్చి చూపాలి. ఈ హక్కులు కాగితం మీద బాగున్నాయి. అడిగినవాళ్లకే అవి అందుతాయి.

ఇంతకూ నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, సిగ్నల్ సరిగా లేని ఇంటికి స్మార్ట్ మీటర్ పెట్టవచ్చు, దానితో ప్రీపెయిడ్ మాత్రం నడపకూడదు. ఆ ఇంటికి నెల గడిచినంక బిల్లు ఇచ్చే పాత పద్ధతే ఉంచాలి. రీడింగ్ ఆలస్యంగా చేరినా నష్టం లేదని ముందే చెప్పుకున్నాం. ప్రీపెయిడ్‌లో బ్యాలెన్స్ అయిపోతే సరఫరా ఆగుతుంది. డబ్బు కట్టాలంటే ఫోన్‌కు సిగ్నల్ కావాలి, కట్టిన డబ్బు మీటరుకు తెలియాలంటే మీటరుకు సిగ్నల్ కావాలి. ఒకే ఇంట్లో రెండింటికీ సిగ్నల్ లేకపోతే ఆ రాత్రి ముసలివాళ్లు, చంటిపిల్లలు ఉన్న ఇల్లు ఏం చేయాలి? విద్యుత్ చట్టం 56వ సెక్షన్ బకాయి ఉన్నవాడి కరెంటు తెంపాలన్నా 15 రోజుల ముందు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలంటుంది. ఒక గీత సిగ్నల్ మీద ఆధారపడి ఆ 15 రోజుల రక్షణను పోగొట్టుకోవడానికి ఎవరూ ఒప్పుకోవలసిన పని లేదు.

మీ ఇంటి సిగ్నల్‌ను మీరే కొలుచుకోవచ్చు. ఫోన్ మీద గీతలను నమ్మకండి, ఒక్కో కంపెనీ ఫోన్ ఒక్కో తీరుగా గీతలు చూపిస్తుంది. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో ఫోన్ వివరాల్లోకి పోయి, సిమ్ స్టేటస్ తెరిస్తే సిగ్నల్ బలం అంకెల్లో కనిపిస్తుంది. పక్కన డీబీఎం అని ఉంటుంది, అంకె ముందు మైనస్ గుర్తు ఉంటుంది. 4జీలో మైనస్ 90 చుట్టుపక్కల ఉంటే బాగున్నట్టు. మైనస్ 110 అయితే కష్టం. మైనస్ 120 అయితే లేనట్టే. వాకిట్లో నిలబడి చూస్తే లాభం లేదు. ఇప్పుడు మీటరు ఉన్న గోడకు ఫోన్ ఆనించి చూడండి. పొద్దున ఒకసారి, అందరూ ఫోన్లు వాడే రాత్రి వేళ ఒకసారి, వాన పడ్డనాడు ఒకసారి చూడండి. వేరే కంపెనీ సిమ్ ఉన్న పక్కింటి వాళ్ల ఫోన్‌తో కూడా చూడండి. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. రేపు మీటరు పట్టుకొని వచ్చినవాళ్లతో మాట్లాడేటప్పుడు ఆ కాగితం మీ బలం.

మీటరు బిగించేటప్పుడు నాలుగు సంగతులు అడగండి. ఇది సిమ్ మీద పని చేస్తుందా, పక్క మీటర్ల మీద పని చేస్తుందా? పెట్టె ఇనుముదా, ప్లాస్టిక్‌దా, యాంటెనా బయటికి తీస్తారా? బిగించినంక ఇక్కడి నుంచి మొదటి రీడింగ్ ఆఫీసుకు చేరిందని నా ముందు చూపిస్తారా? చేరకపోతే చేతి మిషన్‌తో వచ్చి రీడింగ్ తీసుకునేది ఎవరు, ఎన్ని రోజులకోసారి? ఇందులో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా సంతకం పెట్టే ముందు రాతపూర్వకంగా అడగండి. పాత మీటరు విప్పేటప్పుడు దాని మీది చివరి రీడింగ్‌ను ఫొటో తీసి పెట్టుకోండి. గొడవలు ఎక్కువగా పుట్టేది ఆ చివరి అంకె కాడనే.

ఫిర్యాదు ఉంటే 1912కు చెప్పి నంబరు తీసుకోండి. అక్కడ తీరకపోతే పంపిణీ సంస్థలో వినియోగదారుల సమస్యల పరిష్కార వేదిక ఉంది. దాని తీర్పు నచ్చకపోతే హైదరాబాద్‌లో విద్యుత్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. వేదిక ముందు వాదించడానికి వకీలు అక్కరలేదు, కాగితాలు సరిగా ఉంటే చాలు.

ఒక్కో ఇల్లు ఒంటరిగా అడిగే కన్నా ఊరు అడిగితే బరువుంటుంది. సర్పంచులకు, వార్డు సభ్యులకు నా విన్నపం ఒకటే. మీ ఊరికి స్మార్ట్ మీటర్లు వస్తాయని తెలిసిన రోజే గ్రామసభ పెట్టండి. ఊర్లో సిగ్నల్ లేని ఇండ్ల జాబితా తయారు చేయండి. బాయికాడి ఇండ్లను, తండాలను మరవొద్దు. ముందు సిగ్నల్ సర్వే, తర్వాతే మీటరు, సర్వేలో తప్పిన ఇంటికి ప్రీపెయిడ్ లేదు అని తీర్మానం రాసి విద్యుత్ సంస్థకు, నియంత్రణ మండలికి పంపండి. మండలి టారిఫ్ మీద ఏటా బహిరంగ విచారణ జరుపుతుంది. ఎవరైనా పోయి మాట్లాడవచ్చు, రాసి పంపవచ్చు. పల్లె నుంచి పోయే గొంతులు అక్కడ తక్కువ. ఈ ఏడాది మీ ఊరి గొంతు ఒకటి అక్కడ వినబడాలి.